మనసు విప్పేముందు బోర్డు చదవండి

బాధ బయటికి చెప్పుకోవడం తప్పు కాదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. డబ్బు కట్టి మరీ చెప్పుకునేటప్పుడు, ఎదుట కూర్చున్నది ఎవరో అడగడానికి మాత్రం ఇంకా మొహమాటపడుతున్నాం. ప్రైవేటు కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుంది, ఏం జరగకూడదు?

కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెయిన్ రోడ్డు దాటి రెండు సందులు లోపలికి వెళ్తే, ఏదో ఒక కాంప్లెక్స్ మెట్ల దగ్గర బోర్డుల వరస కనిపిస్తుంది. డెంటల్ క్లినిక్, వీసా కన్సల్టెన్సీ, సంగీతం క్లాసులు. వాటి మధ్య ‘సైకాలజిస్ట్ అండ్ కౌన్సెలర్’. నాలుగడుగులు వేస్తే ‘న్యూరో సైకియాట్రిస్ట్’. పై అంతస్తులో ‘హిప్నోథెరపిస్ట్’, ‘లైఫ్ కోచ్’, ‘మైండ్ ట్రైనర్’. విజయవాడ సూర్యారావుపేటకు వెళ్లినా విశాఖ ద్వారకానగర్‌కు వెళ్లినా ఇదే వరస. పంటి డాక్టరు బోర్డు మీద బీడీఎస్ అని లేకపోతే గుమ్మం తొక్కం. మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం బోర్డు చదవకుండానే చెప్పులు విప్పేస్తాం.

ఈ వరసలో సైకియాట్రిస్ట్ అని రాసుకోవాలంటే వైద్య పట్టా, దాని మీద మానసిక వైద్యంలో పీజీ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే చట్టం చెప్పిన చదువు, శిక్షణ ఉండాలి. మిగతా పేర్లకు అంత గట్టి కాపలా లేదు. ఎమ్మే సైకాలజీ చేసి, అనుభవజ్ఞుల దగ్గర ఏళ్ల తరబడి తర్ఫీదు పొందినవాళ్లూ, నాలుగు వారాంతాల ఆన్‌లైన్ కోర్సుతో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లూ ఒకే ‘కౌన్సెలర్’ బోర్డు కింద కూర్చుంటున్నారు. వీళ్లలో ఎవరు ఎవరో తేల్చుకునే భారం వెళ్లేవాళ్ల మీదే పడుతోంది. అందుకు మనస్తత్వశాస్త్రం చదవక్కర్లేదు. అడిగే అలవాటు ఉంటే చాలు.

ఈసీజీ బాగుంది, మనిషే బాగాలేడు

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని అందులో తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. మన దేశంలో లక్ష మంది జనాభాకు ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేరు. ఉన్న కొద్దిమందీ నగరాల్లోనే ఉన్నారు.

డాక్టర్లు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. దిగులుగా ఉందని చెప్పుకునే అలవాటు మనవాళ్లకు తక్కువ. ‘గుండె దడగా ఉంటోంది’, ‘తల దిమ్ముగా ఉంది’, ‘కాళ్లూ చేతులూ లాగేస్తున్నాయి’ అంటారు. ఈసీజీ తీస్తే అంతా బాగానే ఉంటుంది. గ్యాస్ అని ఓ మాత్ర రాస్తారు. తగ్గకపోతే నరాల బలహీనత అని బలానికి ఇంజెక్షన్ పడుతుంది. ఈలోగా ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు, తాయెత్తు కట్టిస్తారు. గుడికో దర్గాకో వెళ్లొస్తే కొందరికి గుండె దిటవవుతుంది కూడా. మంచి థెరపిస్టులెవరూ వాటిని మానేయమనరు. కానీ నిద్ర, తిండి, పని, నలుగురితో మాట... ఇవన్నీ రెండు వారాలకు మించి గాడి తప్పి ఉంటే మాత్రం ఇంకో ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకూడదు.

ఇక అందరికీ తెలిసిన భయం ఒకటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. ఈ రెండు పేర్లనూ సినిమా కామెడీ దగ్గర్నుంచి కాలేజీ వెక్కిరింతల దాకా ఎంతగా వాడేశామంటే, అక్కడి ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఏళ్లుగా ఎంతోమందిని బాగుచేసి ఇంటికి పంపాయన్న సంగతే మరుగున పడిపోయింది. ఆ పేరు పడుతుందనే భయంతోనే కరీంనగర్‌వాళ్లు హైదరాబాద్‌లోనూ, ఏలూరువాళ్లు విజయవాడలోనూ ప్రైవేటు గది వెతుక్కుంటారు. అలా తెలియని ఊళ్లో తెలియని మనిషి దగ్గరికి వెళ్లేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి.

సలహా వేరు, థెరపీ వేరు

ముక్కూమొహం తెలియనివాళ్లకు గుట్టు చెప్పుకోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాలపాటు నడిపారు. ఇంట్లో ఎవరితోనూ అనలేని మాటల్ని ఆడవాళ్లు ఆమెకు ఉత్తరాల్లో రాసేవారు. పడకగది సందేహాలకు పత్రికల్లో డాక్టర్ సమరం జవాబులిచ్చేవారు. ఆ శీర్షికలు ఎన్ని ఇళ్లలో ఎంత మేలు చేశాయో ఆ తరంవాళ్లను అడిగితే చెబుతారు. అయితే అది సలహా. ఒక ఉత్తరానికి ఒక జవాబు, అక్కడితో సరి.

థెరపీ పని తీరు వేరు. ‘విడాకులు తీసుకోనా?’ అని అడిగితే మంచి థెరపిస్ట్ అవునని గానీ కాదని గానీ చెప్పరు. ‘తీసుకుంటే మొదటి ఏడాది ఎలా ఉంటుందనుకుంటున్నారు? తీసుకోకపోతే ఎలా ఉంటుంది?’ అని తిరిగి అడుగుతారు. ఇది చాలామందికి చిరాకు తెప్పిస్తుంది. పదిహేను వందలు పుచ్చుకుని మళ్లీ నన్నే అడుగుతుందేమిటి ఈవిడ అనిపిస్తుంది. సలహా ఇవ్వడానికి పెద్దమ్మ ఉంది, వదిన ఉంది, పక్క ఫ్లాట్ అంకుల్ ఉన్నారు. ఇన్ని సలహాలు విన్నా ఎందుకు కదల్లేకపోతున్నారో తేల్చడానికే మీరు ఆ గదికి వెళ్లారు. నిర్ణయం మీది. ఆ నిర్ణయానికి అడ్డుపడుతున్న భయాన్నో అపరాధ భావాన్నో పాత గాయాన్నో పట్టుకోవడం ఇద్దరి పని.

పరీక్షల ఒత్తిడి, ఉద్యోగం మార్పు, దగ్గరివాళ్ల మరణం లాంటి ఫలానా కష్టానికి కొద్ది సెషన్లలో ఇచ్చే ఆసరాను కౌన్సెలింగ్ అంటున్నారు. ఏళ్లుగా వదలని ఆందోళన, డిప్రెషన్, చిన్ననాటి వేధింపుల తాలూకు గాయాలు లాంటివాటి మీద ఎక్కువ కాలం పనిచేసేది సైకోథెరపీ. ఆచరణలో రెండూ కలిసిపోతుంటాయి. మన దేశంలో ఈ విద్యకు వందేళ్లు దాటాయి. 1922లోనే గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టి, ఫ్రాయిడ్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. నిమ్హాన్స్‌గా మారకముందు బెంగళూరు సంస్థలో 1950లలోనే మెడికల్ సైకాలజీ డిప్లొమా మొదలైంది. అంటే చదువూ ఉంది, పద్ధతీ ఉంది. చదివినవాళ్లెవరో కనిపెట్టడం దగ్గరే తిప్పలు.

పేరు ముందు ‘డాక్టర్’, పేరు వెనక ఏముంది?

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ, డీపీఎం లాంటివి చేసిన డాక్టరు. మందులు రాయగలరు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటివాటికి ముందు వెళ్లాల్సింది వీళ్ల దగ్గరికే. రద్దీ క్లినిక్‌లో ఒక్కొక్కరికి పది నిమిషాలకు మించి దొరకదు కాబట్టి, మాటలతో చేసే చికిత్సకు వీళ్లే చాలాసార్లు సైకాలజిస్ట్ దగ్గరికి పంపిస్తారు.

క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 స్పష్టంగా నిర్వచించింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు, లేదా సైకాలజీలో పీజీ తర్వాత రెండేళ్లపాటు పర్యవేక్షణలో శిక్షణతో కూడిన ఎం.ఫిల్ ఉండాలి. కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లకు సీఆర్ఆర్ నంబరు ఉంటుంది. అది చెప్పమంటే కాదనరు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు కూడా. వీళ్లు పరీక్షలు చేస్తారు, థెరపీ చేస్తారు. మందులు రాయరు. వీళ్లతోపాటు సైకియాట్రిక్ సోషల్ వర్కర్లూ ఉంటారు. కుటుంబంతో, పని చేసే చోటుతో ముడిపడిన చిక్కుల్లో వాళ్ల శిక్షణ బాగా పనికొస్తుంది.

కౌన్సెలింగ్ సైకాలజీలో ఎమ్మే, ఎమ్మెస్సీ చేసి చక్కగా పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ ఒక రిజిస్టర్‌లోకి తెచ్చేందుకు 2021లో అనుబంధ వైద్య వృత్తుల చట్టం వచ్చింది. అది పూర్తిగా గాడిన పడేవరకు ఎవరి దగ్గర ఎంతకాలం శిక్షణ పొందారు, ఇప్పుడు ఎవరి పర్యవేక్షణలో చేస్తున్నారు అన్నవే అసలు గీటురాళ్లు. థెరపిస్టులకు కూడా తమ కేసుల్ని చర్చించుకునే సీనియర్ ఒకరుండాలని ఈ వృత్తి నియమం. ‘నాకు ఎవరి పర్యవేక్షణా అక్కర్లేదు’ అన్నారంటే అక్కడ కాస్త ఆగండి.

ఇక పేరు ముందు ‘డాక్టర్’ సంగతి. అది పీహెచ్‌డీ కావచ్చు, గౌరవ డాక్టరేట్ కావచ్చు. పీహెచ్‌డీ గొప్ప చదువే, కానీ అది మందులు రాసే అధికారం ఇవ్వదు. ఏ ‘డాక్టర్’ అని అడగడం అమర్యాద కాదు.

మొదటి గంట

సెషన్ సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట. రెండు కుర్చీలు, చేతికందే దూరంలో టిష్యూల డబ్బా, థెరపిస్ట్‌కు కనపడేలా ఓ గడియారం. మంచం లాంటి సోఫా మీద పడుకోబెట్టి కళ్లు మూయించడం సినిమాల్లోనే ఎక్కువ.

మొదట ఓ ఫారం ఇస్తారు. సమస్య, వాడుతున్న మందులు, పాత జబ్బులు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉంటాయి. ఫీజు, రద్దు నిబంధనలు, గోప్యత గురించి రాతపూర్వకంగా చెప్పి సంతకం తీసుకోవడం మంచి పద్ధతి. తర్వాత ప్రశ్నలు. ఎప్పటి నుంచి? ఏం జరిగినప్పుడు ఎక్కువవుతోంది? నిద్ర ఎలా ఉంది? ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా? థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించారా అని కూడా అడగొచ్చు. థైరాయిడ్ మందగిస్తే నీరసం, దిగులు, మతిమరుపు అచ్చం డిప్రెషన్ లాగే కనిపిస్తాయి మరి.

‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడిగితే కొందరు ఉలిక్కిపడతారు. లేని ఆలోచన రేపుతున్నారేమో అని వెంట వచ్చినవాళ్లకు కోపం కూడా వస్తుంది. అలా అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినందుకు ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. ఈ ప్రశ్న వేయాల్సిన చోట వేయనివాళ్ల గురించే ఆలోచించాలి.

మొదటి రోజే బరువంతా దించేయాలని లేదు. ఏడవకపోతే థెరపీ కానట్టూ కాదు. గంట ముగిసేసరికి తెలియాల్సినవి మూడు. ఈ మనిషి నేను చెప్పింది విన్నారా? సమస్య గురించి వాళ్లకు ఏమనిపించిందో నాకు అర్థమయ్యేలా చెప్పారా? ముందు ముందు ఏం చేద్దామనుకుంటున్నారో చెప్పారా? థెరపిస్టుకూ వెళ్లినవాళ్లకూ మధ్య నమ్మకం కుదరడం ఫలితాన్ని బాగా ప్రభావితం చేస్తుందని దశాబ్దాల పరిశోధనలు చూపించాయి. రెండు మూడు సెషన్లయినా మనసు కుదరకపోతే మారిపోవచ్చు. ఆ మాట చెబితే మంచి థెరపిస్ట్ ఇంకొకరి పేరు తామే సూచిస్తారు.

ఓ కాగితం, కొన్ని గళ్లు

మాటలతో జబ్బెలా తగ్గుతుందన్నది న్యాయమైన సందేహమే. ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఒకదాన్ని దగ్గర్నుంచి చూద్దాం. అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే కుర్రాడొకణ్ని ఊహించుకోండి. శుక్రవారం సాయంత్రం మేనేజర్ నుంచి ఓ మెసేజ్ వచ్చింది. ‘సోమవారం ఓసారి మాట్లాడాలి’. అంతే, శని, ఆదివారాలు నిద్ర లేదు. థెరపిస్ట్ ఓ కాగితం మీద గళ్లు గీసి ఇస్తారు. జరిగిందేమిటి, మనసులో ఏమనుకున్నారు, ఎంత నమ్మారు, అందుకు ఆధారాలేమిటి, దానికి విరుద్ధంగా ఏమున్నాయి, ఇప్పుడు ఎంత నమ్ముతున్నారు?

‘మిమ్మల్ని తీసేస్తారని నూటికి ఎంత నమ్మారు?’

‘తొంభై మేడమ్.’

‘ఆయన ఇంతకుముందెప్పుడైనా ఇలా పిలిచారా?’

‘రెండు మూడుసార్లు పిలిచారు.’

‘అప్పుడేమైంది?’

‘ఓసారి కొత్త ప్రాజెక్టులో వేశారు. ఓసారి లీవుల గురించి అడిగారు.’

‘మీ టీమ్‌లో ఈ మధ్య ఎవరినైనా తీసేశారా?’

‘మార్చిలో ఇద్దర్ని తీసేశారు.’

‘సరే, అదీ రాయండి. భయానికి ఆధారం ఉంటే దాన్ని దాచొద్దు.’

ఆ చివరి మాట ముఖ్యం. ‘పాజిటివ్‌గా ఆలోచించు బాబూ’ అని భుజం తట్టడానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. అన్నీ రాశాక నమ్మకం తొంభై నుంచి యాభైకి దిగిందనుకోండి. భయం సగం మిగిలే ఉంది. ఆ సగానికి వేరే పని పెడతారు. నిజంగానే ఉద్యోగం పోతే ఎన్ని నెలల ఖర్చులు చేతిలో ఉన్నాయి, ఎవరికి ఫోన్ చేయాలి అని మరో కాగితం. ఇంటికెళ్లాక వారం పాటు ఇలాంటివి రాసుకురమ్మంటారు. ఇల్లు తాళం వేశాక గ్యాస్ కట్టేశానో లేదో అని పదిసార్లు వెనక్కి వచ్చేవాళ్లకైతే, ఒక్కసారే చూసి, వెనక్కి రాకుండా ఆ గాభరాను భరించడం మెట్టు మెట్టుగా అలవాటు చేయిస్తారు. అంటే థెరపీలో సగం పని గది బయటే జరుగుతుంది. ఆ పని చేయకుండా వారం వారం వచ్చి వెళ్తుంటే జేబు తప్ప ఏదీ తేలికపడదు.

ఆందోళన, డిప్రెషన్‌లకు సీబీటీ సుమారు 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. పాత గాయాలకు, వ్యక్తిత్వంతో పెనవేసుకున్న చిక్కులకు ఇంకా ఎక్కువ కావచ్చు. మందులు వాడుతున్నవాళ్లు థెరపీ మొదలైంది కదా అని వాటిని సొంతంగా ఆపకూడదు. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవడానికే కొన్ని వారాలు పడుతుంది. ఆపాలా తగ్గించాలా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి.

గుట్టు ఎక్కడిదాకా?

మానసిక సమస్యకు చికిత్స పొందేవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవాళ్ల బాధ్యత అని 2017 చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. దానికి మినహాయింపులూ ఉన్నాయి. ప్రాణానికి ముప్పు ఉందనుకున్నప్పుడు, ఇంకొకరికి హాని జరగకుండా ఆపాల్సి వచ్చినప్పుడు, కోర్టు అడిగినప్పుడు అవసరమైనంత మేరకు చెప్పవచ్చు. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. ఈ హద్దుల్ని మొదటి రోజే వివరించేవాళ్లు నమ్మదగినవాళ్లు.

మన ఇళ్లలో అసలు చిక్కు వేరే చోట వస్తుంది. ఫీజు కట్టేది నాన్న. బయట సోఫాలో కూర్చునేది అమ్మ. సెషన్ అయ్యాక ‘మావాడు లోపల ఏం చెప్పాడండీ?’ అని అడగడం తమ హక్కని వాళ్లు అనుకుంటారు. భార్యాభర్తల విషయంలో ఒకరి మాటలు ఇంకొకరికి చేరితే ఆ గది మీద నమ్మకమే పోతుంది. 18 ఏళ్లలోపు పిల్లలకు పెద్దల అనుమతి కావాలి. అయినా ఏయే సంగతులు పెద్దలకు చెబుతాం, ఏవి చెప్పం అన్నది ముగ్గురూ కూర్చుని ముందే మాట్లాడుకోవడం మంచిది. రిసెప్షన్‌లో ఎవరుంటారు, నోట్స్ ఎక్కడ దాస్తారు, వాట్సాప్‌లో ఏం పంపొచ్చు అన్నవీ అడగండి. చిన్న ఊళ్లలో రిసెప్షనిస్టు మీ పిన్నికి స్నేహితురాలై ఉండే అవకాశం తక్కువేమీ కాదు.

ఇంకో భయం పోలీసులది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వాళ్లను శిక్షించరాదని 2017 చట్టం చెబుతోంది. కేసవుతుందేమో అని ఆ సంగతిని థెరపిస్ట్ దగ్గర దాచాల్సిన పని లేదు.

జేబు సంగతి

హైదరాబాద్‌లో ఒక సెషన్‌కు వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా మామూలే, పేరున్నవాళ్ల దగ్గర ఇంకా ఎక్కువ. జిల్లా కేంద్రాల్లో కొంత తక్కువ. పదిహేను వందల చొప్పున 12 వారాలంటే 18 వేలు. అందుకే ఎన్ని సెషన్లు పట్టొచ్చో మొదటే ఓ అంచనా అడగాలి. చదువుకునేవాళ్లకు, రాబడి తక్కువున్నవాళ్లకు కొందరు ఫీజు తగ్గిస్తారు. అడిగితేనే ఆ సంగతి తెలుస్తుంది. ముందు రోజులోగా చెప్పకుండా మానేస్తే ఫీజు పోతుందన్నది చాలాచోట్ల ఉన్న నియమం. అది మోసం కాదు. ఆ గంట మీ కోసమే అట్టేపెట్టారు మరి.

మానసిక అనారోగ్యానికి కూడా శారీరక జబ్బులతో సమానంగా బీమా ఉండాలని చట్టం చెప్పింది. 2018లో బీమా నియంత్రణ సంస్థ కూడా కంపెనీలను ఆ మేరకు ఆదేశించింది. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఓపీ కవర్ లేకపోతే వారం వారం వెళ్లే కౌన్సెలింగ్‌కు పైసా రాదు. పెద్ద ఐటీ కంపెనీల్లో ఉద్యోగుల కోసం కొన్ని ఉచిత సెషన్లు ఉంటాయి. చాలామంది హెచ్ఆర్‌కు తెలిసిపోతుందని వాటి జోలికి వెళ్లరు. వెళ్లేముందు, కంపెనీకి ఏ వివరాలు అందుతాయో రాతపూర్వకంగా అడగండి. అసలు ఫీజే కట్టలేని స్థితి ఉంటే ప్రభుత్వ వైద్య కళాశాలల్లోని సైకియాట్రీ విభాగాలున్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ (14416) ఉంది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

లేచి వచ్చేయాల్సిన సందర్భాలు

‘మూడు సెషన్లలో నయం చేస్తాం, గ్యారంటీ’ అంటే లేవండి. ‘ముందే పది సెషన్ల ప్యాకేజీకి డబ్బు కట్టండి’ అని తొందరపెడితే లేవండి. సమస్య వినకముందే ‘మీరేమిట్లు?’ అని కులం ఆరా తీస్తే లేవండి. ‘పెళ్లి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి’, ‘ఒక్క బిడ్డ పుడితే అతనే దారికొస్తాడు’ అని ఎవరైనా అంటే, ఆ మాట చెప్పడానికి ఫీజెందుకు? డాక్టరు కాకుండానే మందులు రాసినా, డాక్టరు రాసిన మందులు ఆపేయమన్నా అది ప్రమాదం. మీ గంటలో ఎక్కువసేపు తమ కష్టసుఖాలే చెప్పుకునేవాళ్లు, మీ కథను పేరు మార్చి తమ వీడియోలో పెట్టుకుంటామనేవాళ్లు, బయట కాఫీకి పిలిచేవాళ్లు, అకారణంగా తాకేవాళ్లు... వీళ్లందరి దగ్గరా ఇంకో అవకాశం ఇచ్చి చూడాల్సిన పని లేదు.

స్వలింగ ఆకర్షణను ‘మార్చేస్తాం’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. తల్లిదండ్రులే పిల్లల్ని లాక్కెళ్తుంటారు. అది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. 2021లో మద్రాసు హైకోర్టు ఇలాంటి ‘మార్పిడి చికిత్స’లకు అడ్డుకట్ట వేయాలని ఆదేశించింది. ఆ తర్వాతి ఏడాది జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్ట్ మీద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఏ రిజిస్టర్‌లోనూ లేనివాళ్లు మోసం చేస్తే, డబ్బు తీసుకుని అందించిన సేవే కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఫీజుకు రసీదు అడిగి తీసుకోవడం అప్పుడు అక్కరకొస్తుంది.

పిల్లల విషయంలో ఇంకో మాట. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఓ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హతలున్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో నియమించాలని చెప్పింది. కార్పొరేట్ కాలేజీలో లక్షలు కట్టేటప్పుడు ర్యాంకులతోపాటు ‘మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, మా అమ్మాయి ఒంటరిగా వెళ్లి కలవొచ్చా?’ అని అడిగే హక్కు ఇప్పుడు తల్లిదండ్రులకు ఉంది. వార్డెనో లెక్కల లెక్చరరో ఆ పని కూడా చూస్తున్నారంటే అది తీర్పు చెప్పిన ఏర్పాటు కాదు.

సెల్లార్‌లో కారు, డాలస్‌లో రాత్రి

కరోనా తర్వాత సెషన్లు చాలావరకు ఫోన్ తెర మీదికి వచ్చాయి. ఊరు చిన్నదైనా మంచి థెరపిస్ట్ దొరుకుతున్నారు. ఇల్లు చిన్నదైతేనే చిక్కు. రెండు గదుల ఫ్లాట్‌లో అత్తగారు హాల్లో ఉంటే అత్తగారి గురించి ఎక్కడ మాట్లాడాలి? అందుకే కొందరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు అద్దాలు ఎత్తుకుని కూర్చుని సెషన్ పూర్తిచేసి పైకి వస్తున్నారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం, కాల్ తెగిపోతే ఎవరు ఎవరికి చేయాలో అనుకోవడం, మీరు ఆ సమయానికి ఎక్కడున్నారో థెరపిస్ట్‌కు చెప్పడం తప్పనిసరి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు రాత్రిపూట హైదరాబాద్ థెరపిస్టుతో మాట్లాడటం కూడా పెరిగింది. అత్తింటి పంచాయితీ, ఊళ్లో పొలం తగాదా, వీసా మీద వేలాడే కాపురం... వీటిని మొదటి నుంచీ విడమర్చి చెప్పక్కర్లేని మనిషి కావాలని వాళ్ల ఆశ. అయితే అమెరికాలో లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది. మాట్లాడేవాళ్లు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి నిబంధనలు వర్తిస్తాయి. ప్రాణం మీదికి వచ్చిన రాత్రి ఇక్కడి థెరపిస్ట్ అక్కడికి సాయం పంపలేరు. అక్కడున్నవాళ్లు ఆ దేశపు అత్యవసర మానసిక సాయం నంబరు 988ను ఫోన్‌లో ఉంచుకోవాలి.

ఫోన్‌లోనే అడిగేయండి

• మీ చదువేమిటి? శిక్షణ ఎక్కడ పొందారు? రిజిస్ట్రేషన్ నంబరు ఉందా?
• నాలాంటి సమస్యతో వచ్చినవాళ్లతో పనిచేశారా? ఏ పద్ధతిలో చేస్తారు?
• సెషన్ తెలుగులో నడుస్తుందా?
• ఫీజెంత? ఎన్ని నిమిషాలు? రద్దు చేస్తే ఏమవుతుంది?
• సుమారు ఎన్ని సెషన్లు పట్టొచ్చు? మెరుగవుతోందని ఎలా తెలుస్తుంది?
• నా వివరాలు ఎవరెవరికి తెలుస్తాయి?
• మందులు అవసరమైతే ఏ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు?
• అర్ధరాత్రి కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

ముగింపు కూడా చికిత్సలో భాగమే

మంచి థెరపీకి ఓ ముగింపు ఉంటుంది. ఐదారు సెషన్లకోసారి ఇద్దరూ వెనక్కి చూసుకోవాలి. మొదట్లో వారానికి మూడు రాత్రులు నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు? అమ్మ ఫోన్ చేస్తే ఎత్తేందుకే భయం, ఇప్పుడు? మార్పు కనిపిస్తే వారం వారం వెళ్లేది పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి అవుతుంది. మళ్లీ దిగులు ముంచుకొచ్చేముందు మీలో కనిపించే సూచనలేమిటి, అప్పుడు మొదట ఏం చేయాలి అన్నది ఓ కాగితం మీద రాసుకుని బయటికి వస్తారు. ఏడాది గడిచినా లెక్క తేలకపోతే, ఎందుకు తేలలేదో అడగాలి. మిమ్మల్ని తమ మీద ఆధారపడేలా చేసుకునేవాళ్లు ఆ ప్రశ్నను దాటేస్తారు.

ఇన్ని ప్రశ్నలేస్తే ఏమనుకుంటారో అని మనవాళ్లకు బెంగ. డాక్టరు ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. కానీ ఈ గదిలో మీరు నోరు విప్పడమే చికిత్స. మీ మొదటి ప్రశ్నకే నొచ్చుకునేవాళ్లు, రేపు మీరు చెప్పబోయే అసలు మాటలు ఎలా వింటారు? ఫోన్‌లో ఎవరైనా నొచ్చుకున్నారంటే, ఫీజు కట్టకుండానే మీకు జవాబు దొరికినట్టు. ఇంకో నంబరుకు ఫోన్ చేయండి.